కీళ్ళు బిగుసుకుపోయేదాకా ఆగాలా?

కీళ్ళవాతం ముసలివాళ్ళ జబ్బని మనందరి నమ్మకం. అందుకే ఏడేళ్ళ పిల్ల పొద్దున్నే మంచం దిగలేకపోతే బద్ధకం అంటాం. మెట్లెక్కనని మొరాయిస్తే మొండితనం అంటాం. పన్నెండేళ్ళ అమ్మాయి మణికట్టు వంగక జొన్నరొట్టె తట్టలేకపోతే ‘పనిదొంగ’ అని పేరు పెడతాం. ఆ పిల్ల కీళ్ళలో వాపు ఉందేమోనని, అది నెలల తరబడి కీలుని లోపలినుంచి తినేస్తోందేమోనని మాత్రం అనుమానించం.

పదహారేళ్ళ లోపు మొదలై, ఆరు వారాలు దాటినా తగ్గని, మరే కారణమూ దొరకని కీళ్ళవాపుని డాక్టర్లు జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటున్నారు. మనం పిల్లల కీళ్ళవాతం అనుకుందాం. రోగాలనుంచి కాపాడవలసిన శరీర రక్షణ వ్యవస్థే ఎదురుతిరిగి సొంత కీళ్ళమీద దాడి చేయడం వల్ల ఇది వస్తుంది. తల్లి కడుపుతో ఉన్నప్పుడు తిన్న తిండి వల్లో, ఎవరి పాపం వల్లో రాదు. ఇందులో చాలా రకాలున్నాయి. కొన్నిటిలో మగపిల్లలు ఎక్కువ. రెండు మూడు కీళ్ళకే పరిమితమయ్యే రకం, అనేక కీళ్ళని పట్టే రకం ఆడపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తాయి. కొందరు పిల్లలకి నొప్పి, ఎరుపు ఏమీ లేకుండానే కంటిలోపల వాపు వచ్చి చూపు పోయే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఈ జబ్బు ఉన్న పిల్లలకి కంటి పరీక్షలు కూడా క్రమం తప్పకుండా జరగాలి.

దీనికి మందులున్నాయి. వారానికోసారి ఇచ్చే మెథోట్రెక్సేట్ లాంటివి వాపుని అదుపులో పెడతాయి. కానీ మందు ఒక్కటే చాలదు. నొప్పి పుట్టిన పిల్ల మోకాలు ముడుచుకుని కూర్చుంటుంది. అలా కూర్చుంటే హాయిగా ఉంటుంది కనుక తల్లి మోకాలి కింద దిండు పెడుతుంది. కొన్నాళ్ళకి తొడ కండ సన్నబడుతుంది, మోకాలు వంగిన చోటే బిగుసుకుపోతుంది. ఒకప్పుడు డాక్టర్లు కూడా ఈ పిల్లలకి విశ్రాంతే వైద్యం అనేవారు. ఇవాళ ఆ మాట మారింది. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళతో కాపడం పెట్టి, ఒక్కొక్క కీలునీ మెల్లగా పూర్తిగా చాచి, కండకి బలమిచ్చే వ్యాయామం రోజూ చేయించాలి. అవసరమైతే రాత్రిపూట బద్దీ కట్టాలి. వీలైనంత వరకు పిల్లని ఆడుకోనివ్వాలి, సైకిలు తొక్కనివ్వాలి. ఏ కీలుకి ఏ వ్యాయామం, ఎంతసేపు అని పిల్లని చూసి చెప్పవలసింది ఫిజియోథెరపిస్టు. వాచిన కీలుని బలంగా మర్దనా చేసి లాగడం ఫిజియోథెరపీ కాదు, హాని. పేరు చెప్పకుండా ఇచ్చే స్టెరాయిడ్ బిళ్ళలతో వారంలో వాపు దిగినట్టుంటుంది. నెలల తరబడి వాడితే పిల్ల ఎదుగుదల ఆగుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

ఇక అసలు ప్రశ్నకి వద్దాం. ‘ఇంట్లో రోజుకి రెండుసార్లు వ్యాయామం చేయించండి’ అని చీటీమీద రాస్తారు. చేయించేది ఎవరు? తల్లే. వంట, నీళ్ళు, పశువులు, కూలిపని అన్నిటికీ తోడు ఇది మరో చాకిరీ. దీనికి కూలి లేదు, లెక్క లేదు. పిల్ల నడిస్తే డాక్టరు గొప్ప, నడవకపోతే తల్లి నిర్లక్ష్యం!

మొగుడంపల్లి సంగతే చూడండి. 2016లో మండలమైన ఈ ఊరు కర్ణాటక సరిహద్దున ఉంది. పెద్ద ఆసుపత్రి అంటే జహీరాబాద్, అదీ దాటితే జిల్లా కేంద్రం సంగారెడ్డి. కీళ్ళ నిపుణులున్న నిమ్స్, పిల్లల ఆసుపత్రి నీలోఫర్ హైదరాబాద్‌లో ఉన్నాయి. జహీరాబాద్ నుంచే సుమారు 100 కిలోమీటర్లు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు లేదు. మంచిదే. కానీ పోయిన రోజు కూలి ఎవరిస్తారు? దగ్గరని బీదర్ వెళ్దామంటే ఆ ఉచితం సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. చెరకు కోతలకి వలసపోయే కుటుంబాల్లో అయితే మందూ వ్యాయామమూ రెండూ నెలలకి నెలలు ఆగిపోతాయి.

ఆడపిల్లయితే ఇంకో గోడ అడ్డం. ‘కీళ్ళ జబ్బని తెలిస్తే రేపు పెళ్ళి ఎట్లా?’ అని దాచిపెడతారు. బడి మాన్పించి ఇంట్లో కూర్చోబెడతారు. కొడుకుకైతే అప్పు చేసి పట్నం తీసుకెళ్ళే ఇల్లే కూతురికి నూనె రాసి సరిపెడుతుంది.

చట్టం ఏమంటోంది? 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది. కీళ్ళవాతం పేరు అందులో విడిగా లేదు. జబ్బు వల్ల కదలిక దెబ్బతింటే శారీరక వైకల్యం కింద లెక్కలోకి రావాలి. పింఛనుకి 40 శాతం ఉందని సర్టిఫికెట్టు కావాలి. ఈ జబ్బేమో ఒకనాడు మంచాన పడేస్తుంది, మరునాడు నడవనిస్తుంది. సదరం శిబిరం నాడు పిల్ల నడిచిందా, కాగితం చేతికి రానట్టే. 2023లో తెలంగాణలో వికలాంగుల పింఛను 4,016 రూపాయలకు పెరిగింది. సంతోషం. కానీ కీలు పాడయ్యాక డబ్బిచ్చే ప్రభుత్వం అది పాడవకుండా చూసే మనిషిని ఊరి దరిదాపుల్లో ఎందుకు పెట్టదు? ఫిజియోథెరపీ కోసం 40 శాతం వైకల్యం వచ్చేదాకా ఎదురుచూడాలా?

నిజానికి ఇదే చట్టంలోని 25వ సెక్షను వైకల్యం రాకుండా నివారించడం ప్రభుత్వ బాధ్యతేనంటోంది. పిల్లలందరినీ ఏడాదికి ఒక్కసారైనా పరీక్షించి ప్రమాదంలో ఉన్నవాళ్ళని గుర్తించమంటోంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బడులకి, అంగన్‌వాడీలకి వచ్చి 30 రకాల సమస్యలు చూస్తుంది. ఆ జాబితాలో కీళ్ళవాతం లేదు. జాబితాలో లేని పిల్ల డాక్టరు ముందు నిలబడ్డా కనిపించదు.

అందుకని మనం కొన్ని విషయాలు గట్టిగా అడగాలి. బాల స్వాస్థ్య పరీక్షల్లో కీళ్ళవాపునీ చేర్చాలి. మండలాల్లో వికలాంగ బాలలకోసం నడిచే భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీ ఈ పిల్లలకీ అందాలి. వాళ్ళని సర్టిఫికెట్టు లేదని తిప్పి పంపకూడదు. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలకి ఈ జబ్బు గుర్తుపట్టడం నేర్పాలి, ఆ అదనపు పనికి డబ్బు కూడా ఇవ్వాలి. బిడ్డని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజుకి తల్లికి కూలి నష్టపరిహారం రావాలి.

మన సంఘాలు చేయగలిగిందీ ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు విత్తనాలు కాపాడారు, 2008లో మాచ్‌నూర్‌లో సొంత రేడియో నిలబెట్టుకున్నారు. ఊరి విషయం ఊరికే తెలియజెప్పగల శక్తి ఇక్కడి ఆడవాళ్ళకి కొత్త కాదు. సంఘం మీటింగులో ఒక్క ప్రశ్న వేయండి: మన ఊళ్ళో పొద్దున్నే కుంటుతూ లేచి, ఎండెక్కాక మామూలుగా నడిచే పిల్లలెవరైనా ఉన్నారా? ఆరు వారాలుగా కీలు వాచి ఉన్న పిల్ల కనిపిస్తే ఆ తల్లిని ఒంటరిగా పంపకండి, తోడు వెళ్ళండి. వ్యాయామం చేయించే పనిలో తండ్రినీ, అన్ననీ కూర్చోబెట్టండి. పిల్ల కాలు చాచి పట్టుకోవడానికి మగవాడి చేతులు పనికిరావని ఏ వైద్యశాస్త్రమూ చెప్పలేదు.