నాన్‌స్టిక్ పెనం

గత మూడు దశాబ్దాలలో తెలుగువారి వంటింటి నుండి నల్లని ఇనుప పెనం మెల్లగా తప్పుకొన్నది. దాని స్థానంలో నాన్‌స్టిక్ పెనం వచ్చింది. నూనె తక్కువ, శ్రమ తక్కువ, దోసె విరగదు. ఇన్ని సుగుణాలున్న వస్తువును ఎవరు కాదనగలరు? అయితే ఆ పూత పుట్టుపూర్వోత్తరాలు తెలిసికోదగినవి.

1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్తకు, శీతలీకరణ వాయువులపై పరిశోధన చేస్తుండగా, అనుకోకుండా ఒక తెల్లని పొడి లభించింది. అదే టెఫ్లాన్. దాని తయారీలో పి.ఎఫ్.ఓ.ఎ. అనే మరొక రసాయనాన్ని దశాబ్దాలపాటు వాడారు. నేలలో, నీటిలో, నెత్తురులో చేరితే అది ఏళ్ల తరబడి నశించదు. వెస్ట్ వర్జీనియాలోని పార్కర్స్‌బర్గ్ పరిసరాలలో కర్మాగారం నుండి వెలువడి తాగునీటిలో కలిసింది. ప్రజలు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. అప్పుడు ఏర్పడిన నిపుణుల బృందం సుమారు 69,000 మంది వివరాలను పరిశీలించి, మూత్రపిండ క్యాన్సరు, థైరాయిడ్ వ్యాధి సహా ఆరు రుగ్మతలతో దానికి సంబంధం ఉండే అవకాశమే ఎక్కువని 2012 నాటికి తేల్చింది. 2023లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ దానిని క్యాన్సరు కారకంగా ప్రకటించింది. నేడు పెనాలపై ‘పి.ఎఫ్.ఓ.ఎ. లేదు’ అని ముద్రించడం అందుకే. దాని బదులు వచ్చినవాటిలో కొన్ని ఆ కుటుంబానికి చెందినవే కావడం మాత్రం ఎవరూ ముద్రించరు.

ఇక్కడ ఒక విచక్షణ అవసరం. ఆ హాని కర్మాగారం చుట్టూ నివసించినవారికి జరిగినదే గాని, పెనం మీద దోసె తిన్నవారికి జరిగినది కాదు. ఊడిన పెచ్చు కడుపులోకి పోయినా జీర్ణం కాకుండానే బయటకు పోతుంది. వంటింటిలో అసలు ప్రమాదం ఖాళీ పెనాన్ని పెద్ద మంటపై మరచిపోవడంలో ఉన్నది. 260 డిగ్రీల సెల్సియస్ దాటితే పూత చెడనారంభిస్తుంది. ఇంకా వేడెక్కితే వెలువడే పొగ పంజరంలోని చిలుకను చంపగలదు, మనిషికి జ్వరం తెప్పించగలదు. దోసెకు ముందు పెనాన్ని బాగా కాల్చే అలవాటున్న ఇళ్లకు ఈ హెచ్చరిక మరింత వర్తిస్తుంది.

ప్రత్యామ్నాయాలకై దూరం పోనక్కరలేదు. ఇనుప పెనానికి నూనె రాసి, సగానికి కోసిన ఉల్లిపాయతో రుద్దుతూ కొన్నాళ్లు వాడితే దోసె దానంతట అదే లేస్తుంది. పైగా కొద్దిపాటి ఇనుము ఆహారంలో చేరుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనతతో ఉన్న దేశంలో ఇది చిన్న లాభం కాదు. పులుసుకు మాత్రం రాచిప్పో, మట్టికుండో, స్టీలు గిన్నెయో కావాలి. ఇత్తడి గిన్నెలో చింతపండు ఉడకాలంటే కళాయి తప్పదు. కళాయి పూసేవారి కేక వీధులలో వినిపించడమే అరుదైన ఈ రోజులలో ఇత్తడిపై పుట్టిన కొత్త మోజు కొంత అనాలోచితమే.

ఇప్పటికే నాన్‌స్టిక్ పెనం ఉన్నవారు దానిని పారవేయనక్కరలేదు. సన్నని మంట, కొయ్య గరిటె, ఇనుప పీచుకు బదులు మెత్తని గుడ్డ చాలు. పూత గీతలుపడి లేచిపోయిన నాడు మరొకటి కొనడం కంటె, అటకపై తుప్పుపట్టి ఉన్న పాత పెనాన్ని దించి తోమించడం మేలు.