బొత్తాం నొక్కడమే చదువా?

బడికి కంప్యూటర్ వచ్చిందని దండేసి, కొబ్బరికాయ కొట్టి, ఫోటోలు దిగారు. మంచిదే. ఆ తర్వాత ఏం జరుగుతోంది? తెర మీద ఒక లెక్క, కింద నాలుగు జవాబులు. పిల్ల ఒకటి నొక్కింది, తప్పు. రెండోది నొక్కింది, తప్పు. మూడోది పచ్చగా వెలిగింది. మార్కు పడింది. మరి పిల్లకి లెక్క వచ్చిందా?

దీన్ని మేము చదువనం. వెనకట బట్టీ పట్టించారు, ఇప్పుడు బొత్తాలు నొక్కిస్తున్నారు. అంతే తేడా.

కంప్యూటర్‌తో ఆలోచన నేర్పలేమా? నేర్పొచ్చు. 1967లో అమెరికాలో సేమూర్ పేపర్ట్, ఆయన తోటివాళ్ళు పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేశారు. తర్వాత దానికి ఒక తాబేలు తోడయింది. 'ముందుకు 50, కుడికి 90' అని నాలుగుసార్లు చెబితే అది చదరం గీస్తుంది. మూడు భుజాలూ సమానమైన త్రిభుజం గీయమంటే చాలామంది పిల్లలు 60 కొడతారు. పుస్తకంలో కోణం 60 అనే ఉంది గదా! కానీ గీతలు కలవవు.

టీచరు పని ఇక్కడే మొదలు. '120 కొట్టు' అనేస్తే బొమ్మ వస్తుంది, బుర్ర తెరుచుకోదు. 'నువ్వే తాబేలువనుకో. లేచి నడువు. మూల కాడ ఎంత తిరిగావ్?' అని అడగాలి. పిల్ల నేల మీద గీసుకుని నడుస్తుంది. తిరగాల్సింది లోపలి కోణం కాదు, బయటిదని తనే కనిపెడుతుంది. మూడు మలుపులు కలిస్తే పూర్తి చుట్టు, 360. అందులో మూడో వంతు 120. ఇక ఐదు మూలలు ఇవ్వండి, 72 అని తనే చెబుతుంది. తప్పు సిగ్గు కాలేదు, మెట్టయింది.

ఇట్లాంటి సాయాన్ని 1976లో ఉడ్, బ్రూనర్, రాస్ అనే ముగ్గురు పరంజాతో పోల్చారు. అది మన మేస్త్రీలకూ కూలీలకూ ఒకరు చెప్పాలా? గోడ లేచేదాకా పరంజా ఉంటుంది, గోడ నిలిచాక విప్పేస్తాం. పరంజానే గోడ అనుకుంటే ఇల్లు లేవదు.

2020 కరోనా కాలంలో, సెప్టెంబర్ 1 నుంచి, తెలంగాణలో టీవీ పాఠాలు పెట్టారు. టీవీ చెబుతుంది, అడిగితే పలకదు. ఇప్పుడు ఏదడిగినా జవాబు రాసిచ్చే మిషన్లొచ్చాయి. ఒకటి పలకనిది, ఇంకొకటి అన్నీ తానే పలికేది. పక్కన టీచరు లేకపోతే ఈ రెండింటి మధ్యా మన పిల్ల ఆలోచించే జాగా ఎక్కడ?

తల్లులారా, కార్యకర్తలారా! బడికి పోయి 'కంప్యూటర్లెన్ని?' అని అడిగి తిరిగి రాకండి. మా పిల్ల చేతికి కీబోర్డు ఎంతసేపు వస్తోంది, లేక వెనక నిలబడి చూస్తోందా? తప్పు చేస్తే కసురుతున్నారా, ఎందుకట్లా వచ్చిందని అడుగుతున్నారా? ఇవి నిలదీయండి. ఇంటికొచ్చిన పిల్లను 'ఎన్ని మార్కులు?' అనకండి, 'ఎట్లా చేశావమ్మా?' అనండి. అక్షరం రాని తల్లి కూడా అడగగల ప్రశ్న అది.

తరతరాలుగా మనల్ని ప్రశ్న అడగనివ్వలేదు. ఇవాళ బొత్తాం చేతిలో పెట్టి ఆ ప్రశ్ననే లాక్కుంటామంటే ఒప్పుకోం.