బండికి గాలి ఎంత?

మా ఆయనకు బైకు పిచ్చి. పోయిన జూన్‌లో స్కాట్లాండ్ వెళ్ళి ఎన్‌సీ 500 చుట్టి వద్దామన్నారు. ఇన్వర్‌నెస్‌లో బయలుదేరి ఉత్తర తీరం వెంట తిరిగి మళ్ళీ అక్కడికే చేరే 516 మైళ్ళ దారి అది. వెనక సీట్లో నేను, అటూ ఇటూ రెండు పెట్టెలు, నా వీపు వెనక ఇంకోటి. అందులో చిన్న రైస్ కుక్కర్ కూడా ఉంది, నవ్వకండి.

యాపిల్‌క్రాస్‌కు పోవాలంటే బ్యాలఖ్ నా బా అనే కనుమ ఎక్కాలి. 626 మీటర్ల ఎత్తు, ఒక్క బండి పట్టే రోడ్డు, పైగా వాన. మలుపు తిరిగినప్పుడల్లా బండి వెనక భాగం పక్కకు ఊగుతోంది. నా కడుపులో దేవినట్లయింది. పైన ఆపాం. అక్కడున్న ఇంకో బైకాయన గేజి ఇస్తే పెట్టి చూశాం. వెనక టైరులో 34 పీఎస్ఐ. మా బండి పుస్తకంలో ముందు 36, వెనక 42 అని ఉంది. నడిచి వేడెక్కిన టైరులో 34 అంటే, పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఇంకా తక్కువే కదా!

"బయలుదేరేముందు చూశారా?" అన్నాను.

"బూటుతో తన్ని చూశాను, గట్టిగానే ఉంది."

మన ఊళ్ళో సైకిలు టైరును బొటనవేలితో నొక్కి చూసే అలవాటు ఇంకా పోలేదన్నమాట.

ఆ వారం హోటల్ గదిలో పుస్తకం నేనే చదివాను. టైరు పక్కన అచ్చేసి ఉండే అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, మనం కొట్టాల్సింది కాదు. మనకు కావలసింది బండి పుస్తకంలోనో, చెయిన్ దగ్గర అతికించిన స్టిక్కర్ మీదో ఉంటుంది. కొన్ని బండ్లకు ఒక్కరికి ఒక అంకె, ఇద్దరూ సామానూ ఉంటే ఇంకో అంకె. మనం వెనక కూర్చునేవాళ్ళం కాబట్టి ఆ రెండోదే మనది. గాలి తక్కువైతే టైరు నలిగి వేడెక్కుతుంది, మలుపులో బండి మాట వినదు. ఎక్కువైతే రోడ్డును పట్టుకునే భాగం తగ్గిపోతుంది.

చూడాల్సింది బండి నడపకముందే. పెట్రోలు బంకు దాకా నడిపి చూస్తే అంకె పెరిగి కనిపిస్తుంది. ఎక్కువుందని గాలి తీసేస్తే మర్నాడు పొద్దున తక్కువవుతుంది. చలి పది డిగ్రీలు పెరిగితే సుమారు 2 పీఎస్ఐ దానంతటదే తగ్గుతుంది. అక్టోబరులో మళ్ళీ చూడమనేది అందుకే.

గాలి టైరు పుట్టిందీ ఈ దేశంలోనే. స్కాట్లాండ్ ఆయన రాబర్ట్ థామ్సన్ 1845లోనే పేటెంటు తీసుకున్నా ఎవరూ పట్టించుకోలేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు డన్‌లప్, కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గించాలని మళ్ళీ చేశాడు. ఇంట్లో వాళ్ళ నడుం నొప్పి పట్టించుకున్న మనిషి!

ఇప్పుడు గేజి నా హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. పోయిన శనివారం వేల్స్ వెళ్ళేముందు ఆయన హెల్మెట్ పెట్టుకుని తయారు. నేను వెనక టైరు దగ్గర కూర్చున్నాను. 39.

"పంపు తీసుకురండి," అన్నాను. ఆయన హెల్మెట్ తీసి లోపలికి వెళ్ళారు.