గృహవిజ్ఞానము: ప్లగ్గు కాలకముందే వేయదగిన లెక్క



అనకాపల్లిలో మా పొరుగింటి వదినగారు చలికాలమునకని 2000 వాట్ల గీజరు నొకదానిని కొనిరి. దాని ప్లగ్గు పిన్నులు లావుగా నుండుటచే గోడనున్న చిన్న సాకెట్టులో పట్టలేదు. బజారునుండి అడాప్టరు తెప్పించి తగిలించిరి. నాలుగవనాడు కమురువాసన రాగా మెయిను స్విచ్చి ఆపి చూచితిమి. సాకెట్టు నల్లబడి కరగియున్నది.

"కరెంటు ఒక్కటే గదా వదినా! సాకెట్టు చిన్నదైన నేమి, పెద్దదైన నేమి?" అని ఆమె యడిగిరి. ప్రశ్న సమంజసమే. సమాధానము పాలపద్దు వ్రాయగలవారెల్లరును చేయగల లెక్కయే.

మేడమీది తొట్టెనుండి కుళాయికి నీరు దిగుటను తలచుకొనుడు. తొట్టె యెత్తును బట్టి నీటికి కలుగు త్రోపు వంటిది వోల్టు. సెకనునకు పారు నీటి పరిమాణము వంటిది ఆంపియరు. గొట్టము సన్నమైన కొలది కలుగు అడ్డంకి వంటిది నిరోధము. దాని కొలత ఓము. ఆంపియరులను ఓములచే గుణించిన వోల్టులు వచ్చును. ఈ సూత్రమును జర్మనీదేశపు ఉపాధ్యాయుడు జార్జి సైమన్ ఓము 1827లో ప్రకటించెను. వోల్టులను ఆంపియరులచే గుణించిన వాట్లు వచ్చును.

మన యిండ్లకు వచ్చునది 230 వోల్టులు. 2000ను 230చే భాగించిన 8.7 ఆంపియరులు. చిన్న సాకెట్టు 6 ఆంపియరులకే చేయబడినది, పెద్దది 16కు. అతుకువద్ద పుట్టు వేడి ప్రవాహపు వర్గమును బట్టి పెరుగును గావున, 6కు బదులు 8.7 పారిన వేడి రెండింతలు దాటును. అడాప్టరు పిన్నులను కుదిర్చెనే గాని సాకెట్టునకు బలము నీయలేదు.

సాయంకాలము వోల్టేజి 180కి దిగిన నేమగును? 230ను 8.7చే భాగించిన గీజరు నిరోధము 26.4 ఓములు. ఇది ఇంచుమించు మారదు. 180ని 26.4చే భాగించిన 6.8 ఆంపియరులు, దానిని 180చే గుణించిన సుమారు 1220 వాట్లు. కావున నీళ్లు ఆలస్యముగా కాగుట గీజరు దోషము కాదు.

ఇక బిల్లు. 1000 వాట్లు గంటసేపు వాడిన ఒక యూనిట్టు. ఈ గీజరు దినమునకు అరగంట పనిచేసిన ఒక యూనిట్టు, నెలకు 30. తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. దీపము దినమునకు 5 గంటలు వెలిగినను నెలకు 1.35 యూనిట్లే. దీప మార్పలేదని పిల్లలపై కోపపడు మనము గీజరు నాపుట మరువరాదు. మన జిల్లాలోని పరవాడవద్ద నున్న సింహాద్రి విద్యుత్కేంద్రము 2000 మెగావాట్లది. ఇట్టి గీజరులు పదిలక్షలు ఒక్కసారి వేసినచో దాని పూర్తిశక్తికి సరిపోవును!

వదినగారింట ఎలక్ట్రీషియను 16 ఆంపియరుల సాకెట్టుతోపాటు లావు తీగెను, ఎర్తు తీగెను గూడ వేసెను. సాకెట్టు మాత్రమే మార్చి సన్నని తీగెను అట్లే యుంచిన, ప్రమాదము గోడలోనికి పోవును.

వచ్చు నెలకు మీకొక లెక్క: 1000 వాట్ల ఇస్త్రీపెట్టెను, 750 వాట్ల మిక్సీని 6 ఆంపియరుల బోర్డునకు ఒకేసారి తగిలింపవచ్చునా? విడివిడిగా నైనచో? చేతిలో ప్లగ్గుకాక పెన్సిలు పట్టుకొని చెప్పుడు.