ముందు బగో దగ్గర మామూలు పరికరాలు పెట్టండి

సంపాదకులకు,

గురుత్వాకర్షణలో వచ్చే మార్పును పసిగట్టి, కంపన తరంగాల కంటే ముందే భూకంపం గురించి హెచ్చరించే సెన్సర్ల గురించి ఈమధ్య పత్రికలు ఉత్సాహంగా రాస్తున్నాయి. ఆ ఉత్సాహం నాకూ ఉంది. కానీ మయన్మార్ గుండా పోయే సగాయింగ్ భ్రంశం (భూమిలోని పగులు) పక్కన బతుకుతున్న మాకు దాన్ని చూపించి, ఇవాళ చేయగలిగిన పనిని వాయిదా వేయకూడదు.

శాస్త్రం నిజమే. భూమి లోపల రాతిపొరలు జరిగితే గురుత్వాకర్షణ మారుతుంది, ఆ మార్పు కాంతి వేగంతో అందుతుంది. కంపన తరంగాలు అంతకంటే ఎంతో నిదానం. 2011లో జపాన్ భూకంపం తీవ్రతను ఆ దేశ వాతావరణ సంస్థ మొదట 7.9గా లెక్కగట్టింది. అసలు తీవ్రత 9. సునామీ ఎత్తును తక్కువగా చెప్పడానికి అదే కారణం. ఆనాటి రికార్డులను తర్వాత జల్లెడ పడితే ఈ గురుత్వ సంకేతం దొరికింది. అయితే అది ఎంత సన్ననిదంటే, ఇప్పుడున్న పరికరాలకు దాదాపు 8, అంతకు మించిన తీవ్రత గల భూకంపాల్లోనే ఆనుతుంది. 2025 మార్చి 28న మాండలేను కూల్చింది 7.7. ఇంకా సున్నితమైన పరికరాలు పరిశోధన దశ దాటలేదు.

ఈ గురుత్వ సెన్సర్ అసలు చోటు సముద్రం వైపు. 2004లో సుమత్రా దగ్గర పుట్టిన సునామీ ఆంధ్ర తీరానికి చేరడానికి రెండు గంటలకు పైనే పట్టింది. అలాంటప్పుడు తీవ్రత ఎంతో వెంటనే తెలిస్తే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సునామీ కేంద్రానికి కొండంత బలం.

మా సంగతి వేరు. 1930 మే 5న బగో భూకంపంలో అక్కడ సుమారు 500 మంది, నేటి యాంగోన్ అయిన రంగూన్‌లో 50 మంది దాకా పోయారు. కోరంగీలని పిలిచిన మన తెలుగు కూలీలతో రంగూన్ రేవు నిండుగా ఉన్న రోజులవి. బగో మేముండే బోటాటౌంగ్‌కు 80 కిలోమీటర్ల లోపే. అక్కడ భ్రంశం వెంబడి నేల కుదుపును కొలిచే మామూలు యాక్సిలరోమీటర్లు ఉంటే, గట్టి కుదుపు రాకముందు మాకు పది పదిహేను సెకన్లు దొరుకుతాయి. పగులు ఇంకా దగ్గరలో మొదలైతే అంత కూడా ఉండదు. మాండలే కంపనం మమ్మల్ని చేరడానికి రెండు నిమిషాలు పట్టే దూరం ఉంది, అయినా మా ఇంట్లో ఒక్క ఫోనూ మోగలేదు. మెక్సికో మాత్రం 1991లోనే తీరంలో మామూలు సెన్సర్లు పెట్టింది, ఇప్పుడు వాటితో రాజధానిలో సైరన్లు మోగిస్తోంది.

పది సెకన్లలో ఏం చేస్తారని అడగొచ్చు. మా వీధిలో ఇళ్ళు ఆరేసి అంతస్తులు, లిఫ్టులు లేవు, మెట్లు నిటారుగా ఇరుకు, ప్రతి గుమ్మానికీ ఇనుప జాలీ తలుపు, దానికి తాళం. కిందికి దిగలేం. కానీ పొయ్యి ఆర్పగలం, తాళం తీయగలం, పిల్లల్ని బల్ల కిందికి తోయగలం.

అందుకే సాయం చేయదలచిన దేశాలు బగో నుంచి మాండలే దాకా ముందు యాక్సిలరోమీటర్లు పెట్టాలి. కరెంటు గంటల తరబడి పోయే ఊరిది కాబట్టి ప్రతి వీధికీ బ్యాటరీతో నడిచే సైరన్ ఉండాలి. గురుత్వ సెన్సర్ సిద్ధమైనప్పుడు దాన్నీ ఇదే వ్యవస్థకు కలుపుకోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బోటాటౌంగ్, యాంగోన్