హెచ్చరికలు చాలు, గడియ పెట్టండి

మోసపోయినవారిని మందలించడం మనకు సులువైన పని. 2024లో మొదలై 2025 జూన్‌లో ఆగేదాకా, ఫోన్ చేసినప్పుడల్లా ముందు సైబర్ నేరాల హెచ్చరికే వినిపించేది. కానీ బెదిరింపు వచ్చిన క్షణాన పాఠం గుర్తుకు రాదు. కరీంనగర్‌లో గల్ఫ్ సొమ్ముతో ఇల్లు నడిపే ఇల్లాలికైనా, ఆదిలాబాద్ గోండు రైతుకైనా, మనబోటి బ్లాగర్లకైనా అంతే.

2025 అక్టోబరు 1 నుంచి వ్యక్తుల మధ్య యూపీఐ 'కలెక్ట్' అభ్యర్థనలను ఎన్‌పీసీఐ ఎత్తివేసింది. ఉపన్యాసం లేకుండానే ఒక ఉచ్చు తెగింది.

కొత్త ఖాతాకు వెళ్ళే పెద్ద మొత్తం గంటసేపు ఆగడమే నియమం కావాలని నా వాదన. వద్దనుకున్నవారు ముందురోజే మార్చుకోవచ్చు. 2008లో థేలర్, సన్‌స్టీన్ 'నడ్జ్' అన్నది ఇటువంటిదాన్నే. ఆ గంటలో తేరుకుని 1930కి ఫోన్ చేయవచ్చు.

స్వేచ్ఛకు భంగమంటారా? తలుపుకు గడియ ఉన్నంతమాత్రాన ఇల్లు జైలవుతుందా, మిత్రులారా?