ఐదా, మూడా అన్నది కాదు కొల్లేటి గొడవ

కొల్లేటి లంక గ్రామాల్లో చిన్న పిల్లాణ్ణి అడిగినా కాంటూరంటే ఏమిటో చెబుతాడు. సర్వేవాళ్ల నోట ఉండాల్సిన మాట అక్కడ సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు వినిపించినా నేను ఆశ్చర్యపోను: అబ్బాయి వాళ్ల పొలం ఐదుకు లోపలా, పైనా? సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన ఆ గీతకు లోపలున్న 308 చదరపు కిలోమీటర్లను ప్రభుత్వం 1999లో అభయారణ్యంగా ప్రకటించింది. అరణ్యమంటే అక్కడ ఉన్నది కిక్కిస, బురద, గూడబాతులు. పేరు సంగతి ఎలా ఉన్నా, అప్పటినుంచీ కొల్లేటి రాజకీయమంతా ఆ గీత చుట్టూనే తిరుగుతోంది.

1970ల్లో సొసైటీలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది ప్రభుత్వమే. కూడులేనివాళ్ల కోసమని మొదలైనవి లీజుల మీద డబ్బున్నవాళ్ల చేతికి పోయాయి. 2006 వేసవిలో అదే ప్రభుత్వం పొక్లెయిన్లు పెట్టి, పేలుడు పదార్థాలు కూడా వాడి ఆ చెరువుల గట్లు కూల్చింది. 2008లో గీతను మూడో కాంటూరుకు దించమని శాసనసభ తీర్మానించింది. మూడంటే మిగిలేది 135 చదరపు కిలోమీటర్లే. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదించవద్దంది. ఆ తర్వాత గట్లు మళ్లీ లేచాయి. జిరాయితీ భూములు పోగొట్టుకున్న రైతుకు పరిహారం బాకీ ఉంది, అది తీర్చాల్సిందే. దాన్ని అడ్డుపెట్టుకుని సరస్సునే చిన్నది చేయమనేవాళ్లతో నాకు పేచీ.

అయితే నా అసలు దిగులు గీత గురించి కాదు, నీళ్ల గురించి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు ఏవీ కాంటూరు చూసి ఆగవు. ఊళ్ల మురుగు, పొలాల మందులు, ఫ్యాక్టరీల వ్యర్థజలాలు వాటితోనే వస్తాయి. చెరువుల్లో మేతగా వేసే కోళ్ల వ్యర్థాలు, పట్టుబడి అయ్యాక కాలువలోకి వదిలే నీళ్లు వేరే. ఇవన్నీ సముద్రానికి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు. అరవై కిలోమీటర్లకు పైచిలుకు ఆ దారి పూడికతో, ఆక్రమణలతో ఇరుకైంది. ఎగువనుంచి నీరు రాని ఎండాకాలంలో ఉప్పునీరు ఎదురు తన్నుకొస్తుంది. కొల్లేటి కొర్రమేనుకు కాంటూరు తెలియదు గానీ ఉప్పు తెలుసు.

చట్టానికి ఈ సంగతి తెలియదనుకుంటే పొరపాటు. 1972 నాటి వన్యప్రాణి చట్టం 29వ సెక్షన్ చూడండి. అభయారణ్యంలోకి వచ్చే నీటిని గానీ, బయటికి పోయే నీటిని గానీ అనుమతి లేకుండా మళ్లించకూడదు, ఆపకూడదు, పెంచనూ కూడదు. ఇంత పదునైన వాక్యం చేతిలో ఉండగా మనం సర్వేరాళ్ల దగ్గరే కొట్టుకుంటున్నాం. ఎందుకంటే గీత అటవీశాఖది, కాలువ జలవనరుల శాఖది, మురికి కాలుష్య నియంత్రణ మండలిది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు. అంటే అభయారణ్యానికి బయటే దాదాపు రెండొంతులుంది. దానికి 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలున్నాయి. ఆ నిబంధనల్లో చేపల పెంపకం కోసం తవ్విన చెరువు చిత్తడి నేల కిందికి రాదు. కొల్లేటినే తవ్వి చెరువు చేస్తే అది దేని కిందికి వస్తుందో ఎవరన్నా నోరు విప్పి చెబితే బావుండు.

2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడను ముంచింది. పడవల మీద పాలప్యాకెట్లు పంచిన ఆ వారమంతా టీవీల్లో గండ్ల మాటే. ఆ నీళ్లు చివరికి వెళ్లేది కొల్లేటికి, కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య వరదను పట్టి మెల్లగా వదలడానికి ప్రకృతి పెట్టిన గిన్నెకు. గిన్నె నిండా గట్లు కట్టుకున్నాక వెనక్కి ఎగదన్నక ఏంచేస్తుంది?

కొత్త చట్టమేమీ అడగడం లేదు. ఏరు కొల్లేటిలో కలిసే ప్రతిచోటా నెలకోసారి నీళ్లు పరీక్షించి, ఫలితాన్ని తెలుగులో బోర్డు మీద రాయండి. ఆటపాక పక్షుల కేంద్రంలో బొమ్మల బోర్డు పక్కనే రాస్తే మరీ మంచిది. 29వ సెక్షన్ కింద ఇంతవరకు ఎన్ని అనుమతులిచ్చారో, ఎవరికిచ్చారో దాని కిందే రాయండి. కాంటూరు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.